శస్త్రచికిత్సకు వెళ్లే స్త్రీ చెప్పవలసిన మాట: గర్భనిరోధక మాత్రలు – ఆసుపత్రి మందులు

తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట, ఊత్తుకోట ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఎవరికైనా ఆపరేషన్ అంటే ఇల్లంతా కదులుతుంది. రక్తపరీక్ష కాగితాలు, రేషన్ కార్డు, బీమా కార్డు, మార్చుకొనే బట్టలు, కాపలా ఉండే మనిషి, అన్నీ సిద్ధమవుతాయి. ఆసుపత్రిలో చేరిన తరువాత అడిగే ప్రశ్నలలో ముఖ్యమైనది ఒకటుంది: “ఇప్పుడు ఏవైనా మందులు వాడుతున్నారా?” రక్తపోటు మాత్ర, షుగరు మాత్ర, థైరాయిడ్ మాత్ర పేర్లు రోగి చెబుతుంది. గర్భం రాకుండా వేసుకొనే మాత్ర సంగతి మాత్రం చాలాసార్లు చెప్పదు.

ఇందుకు కారణాలు రెండు. అది జబ్బుకు వేసుకొనే మందు కాదు కదా అన్న భావన మొదటిది. పక్కన అత్తగారో, మరిదో నిలబడి ఉండగా ఆ మాట పైకి చెప్పలేని సంకోచం రెండవది. వైద్యులు కూడా ప్రత్యేకించి ఆ ప్రశ్న వేయకపోతే ఆ విషయం కేసు కాగితంలోకి ఎక్కదు.

శస్త్రచికిత్స సమయంలోను, ఆ తరువాతను ఇచ్చే కొన్ని మందులు గర్భనిరోధక మాత్ర బలాన్ని కొద్ది రోజులపాటు తగ్గిస్తాయి. వాటి సంఖ్య తక్కువే. కాని వాటిలో ఒకటి రోగి స్పృహలో లేనప్పుడు ఇచ్చేది. ఎవరైనా చెబితే తప్ప తనకు ఆ మందు ఇచ్చిన సంగతి ఆమెకు తెలిసే అవకాశం లేదు. కుట్లు మానకముందే, ఒళ్లు కుదుటపడకముందే, ఆశించని గర్భం రావడం ఏ కుటుంబానికైనా కష్టమే. ఆ కష్టాన్ని నివారించడానికి కావలసింది ముందు ఒక మాట, వెనుక ఒక ప్రశ్న.

మాత్ర పనిచేసే విధానం

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా లభించే మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటాయి. వాటిలో 21 హార్మోన్ మాత్రలు, 7 ఇనుము మాత్రలు. ఒక్కొక్క హార్మోన్ మాత్రలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్ ఉంటాయి. మొదటిది ప్రొజెస్టోజెన్ జాతికి చెందినది, రెండవది ఈస్ట్రోజెన్ జాతికి చెందినది. ఇవి రక్తంలో తగినంత మోతాదులో నిలిచి ఉన్నంతకాలం అండం విడుదల కాదు.

మోతాదు చాలా స్వల్పం కనుకనే ఈ మాత్రను ప్రతిదినం ఒకే వేళకు వేసుకోవాలంటారు. ఏ కారణం చేతనైనా రక్తంలో ఆ హార్మోన్ తగ్గితే రక్షణ సడలుతుంది. మాత్ర మరచిపోవడం ఒక కారణం. మరొక మందు ఆ హార్మోన్‌ను పట్టివేయడమో, కాలేయం దానిని త్వరగా విరిచివేసేటట్లు చేయడమో ఇంకొక కారణం.

మత్తు నుండి తేర్చే మందు

పూర్తి మత్తు ఇచ్చి చేసే శస్త్రచికిత్సలలో, ఉదాహరణకు పిత్తాశయం తొలగింపు, థైరాయిడ్ గ్రంథి ఆపరేషన్ వంటి వాటిలో, కండరాలు సడలడానికి రోక్యురోనియం లేదా వెక్యురోనియం అనే మందు ఇస్తారు. పని ముగిసిన తరువాత రోగి తనంతట తాను ఊపిరి పీల్చుకోవడానికి ఆ సడలింపును తొలగించాలి. అందుకు చాలాకాలంగా వాడుతున్న మందు నియోస్టిగ్మిన్. దీనికి గర్భనిరోధక మాత్రతో పేచీ లేదు.

కొత్తగా వచ్చినది సుగమ్మాడెక్స్. దీనిని ఐరోపాలో 2008లోను, అమెరికాలో 2015లోను ఆమోదించారు. బ్రిడియాన్ అన్న పేరుతో మొదట వెలువడింది. ఇది చక్కెర అణువులు గుండ్రంగా కూడిన ఒక గిన్నె వంటిది. రోక్యురోనియం అణువును తన లోపలికి లాగి బంధించి, మూత్రం ద్వారా బయటకు పంపుతుంది. నిమిషాలలో కండరాలకు బలం వస్తుంది. వైద్యులకు ఇది మేలైన సాధనం, రోగికి సురక్షితమైన మందు.

అయితే ఆ గిన్నెలో ప్రొజెస్టోజెన్ కూడా కొంత చిక్కుకొనే అవకాశం ఉంది. సాధారణ మోతాదు ఇచ్చినప్పుడు ప్రొజెస్టోజెన్ సుమారు 34 శాతం తగ్గవచ్చునని, ఇది మాత్రను 12 గంటలు ఆలస్యంగా వేసుకోవడంతో సమానమని తయారీదారుల పత్రం లెక్కకట్టి చెబుతున్నది. అందువల్ల ఆ మందు తీసుకున్న స్త్రీకి అదే పత్రం ఇచ్చే సలహా స్పష్టంగా ఉంది. మాత్రలు యథావిధిగా వేసుకుంటూనే, తరువాతి 7 రోజులు నిరోధ్ వంటి హార్మోన్ లేని మరొక పద్ధతిని కూడా పాటించాలి. అంతరా సూది, చేతి చర్మం కింద అమర్చే ఇంప్లాంటు, హార్మోన్ కలిగిన గర్భాశయ సాధనం వాడేవారికి కూడా ఈ 7 రోజుల నియమం వర్తిస్తుంది.

వెన్నుకు సూది ఇచ్చి నడుము కింది భాగాన్ని మాత్రమే తిమ్మిరెక్కించిన ఆపరేషన్లలో ఈ కండర సడలింపు మందు ఇవ్వరు. కనుక దానిని తొలగించే మందు అవసరమూ రాదు.

వాంతులను ఆపే మందు

ఆపరేషన్ తరువాత వాంతులు రాకుండా సాధారణంగా ఇచ్చేది ఆన్‌డాన్‌సెట్రాన్. ఇది మాత్రను బలహీనపరచదు. వాంతులు ఎక్కువగా వచ్చే స్వభావం ఉన్నవారికి, క్యాన్సరు మందులు ఎక్కించుకొనేవారికి కొన్నిచోట్ల అప్రెపిటాంట్ అనే మాత్ర లేదా ఫోసప్రెపిటాంట్ అనే సూది ఇస్తారు. వీటి ప్రభావం కాలేయం మీద ఉంటుంది. వాడినప్పుడే కాక, ఆపిన తరువాత 28 రోజుల వరకు హార్మోన్ మాత్రల రక్షణ తగ్గవచ్చునని వాటి పత్రాలు హెచ్చరిస్తున్నాయి. అన్ని రోజులూ అదనపు పద్ధతి పాటించవలసిందే.

వాంతులకు సంబంధించి మరొక విషయం. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలలోపు వాంతి అయితే ఆ మాత్ర ఒంటికి పట్టనట్లే లెక్క. మరొక మాత్ర వేసుకోవాలి. తీవ్రమైన విరేచనాలు ఒకటి రెండు రోజులకు మించి సాగితే మాత్రలు తప్పిపోయినట్లే భావించి జాగ్రత్తపడాలి.

మెడ గడ్డ, క్షయ మందులు

గ్రామాలలో తరచు కనిపించే సందర్భం ఒకటున్నది. మెడలో గడ్డ కనిపిస్తుంది. చిన్న ఆపరేషన్ చేసి ముక్క తీసి పరీక్షకు పంపుతారు. క్షయ అని తేలుతుంది. ఆ వెంటనే ఆరు నెలల మందులు మొదలవుతాయి. ఆ మందులలో ముఖ్యమైనది రిఫాంపిసిన్. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో రావడం దీని గుర్తు.

గర్భనిరోధక మాత్రను అన్నింటికంటె ఎక్కువగా దెబ్బతీసే మందు ఇదే. కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి హార్మోన్‌ను అతివేగంగా విరిచివేయిస్తుంది. ఈ రెంటి మధ్య పొసగదన్న సంగతి 1971లోనే జర్మనీ వైద్యుల దృష్టికి వచ్చింది. మాత్రలు వేసుకుంటున్న స్త్రీలకు రిఫాంపిసిన్ మొదలుపెట్టిన తరువాత నెల మధ్యలో రక్తస్రావం కనిపించసాగింది. మాత్ర బలం తగ్గుతున్నదనడానికి అది ఒక సూచన.

క్షయతో తిరువళ్లూరు ప్రాంతానికి ఉన్న సంబంధం కొత్తది కాదు. అప్పటి చెంగల్పట్టు జిల్లాలో భాగమైన ఈ గ్రామాలలో 1968లో బి.సి.జి. టీకా మీద ప్రపంచంలోకెల్ల పెద్ద పరీక్షలలో ఒకటి మొదలైంది. మద్రాసు క్షయ పరిశోధన సంస్థ నేడు జాతీయ క్షయ పరిశోధన సంస్థగా పనిచేస్తున్నది. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మాత్రలు వేసుకుంటున్న స్త్రీ ఆ సంగతి మందులు ఇచ్చే సిబ్బందికి తొలిదినమే చెప్పాలి. ఆరు నెలల చికిత్స కాలమంతా, అది ముగిసిన తరువాత మరి 4 వారాలు మాత్రలనే నమ్ముకోకూడదు. కాపర్-టి లేదా అంతరా సూది ఇటువంటివారికి తగిన మార్గాలు. రిఫాంపిసిన్ వాటి బలాన్ని తగ్గించదు. ఇంప్లాంటును మాత్రం తగ్గిస్తుంది.

గర్భం వస్తుందన్న భయంతో క్షయ మందులను ఆపడం మాత్రం ప్రాణాపాయం. మార్చవలసింది గర్భనిరోధక పద్ధతిని, క్షయ మందును కాదు.

తలకు దెబ్బ, మూర్ఛ మందులు

రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవారికి, మెదడు ఆపరేషన్ అయినవారికి ఫిట్స్ రాకుండా మందులు ఇస్తారు. వాటిలో ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాన్ అనేవి రిఫాంపిసిన్ వలెనే కాలేయాన్ని రెచ్చగొట్టి మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. ఆపిన తరువాత కూడా 4 వారాలు వీటి ప్రభావం నిలుస్తుంది. లెవెటిరాసెటామ్‌కు ఈ దోషం లేదు. వాల్ప్రోయేట్ మాత్రను బలహీనపరచదు గాని, గర్భంలోని శిశువుకు తీవ్రమైన హాని చేయగలదు. కనుక దానిని వాడే స్త్రీకి నమ్మకమైన గర్భనిరోధక పద్ధతి మరింత అవసరం.

ఈ మందులు వాడుతుండగా పొరపాటు జరిగితే, 72 గంటలలోపు వేసుకొనే అత్యవసర మాత్ర కూడా పూర్తి బలంతో పనిచేయదు. 5 రోజులలోపు కాపర్-టి వేయించుకోవడమే మేలైన మార్గం.

భయపడనవసరం లేనివి

ఆపరేషన్ తరువాత ఇచ్చే సాధారణ యాంటీబయాటిక్ మందులు, అనగా అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్, మెట్రోనిడజోల్ వంటివి మాత్రను చెడగొడతాయన్న అభిప్రాయం జనంలో చాలాకాలంగా ఉంది. నేటి వైద్యశాస్త్రం దీనిని అంగీకరించడం లేదు. వాటివల్ల వాంతులు, విరేచనాలు అయినప్పుడే జాగ్రత్త అవసరం. పారాసెటమాల్‌తోను మాత్ర రక్షణకు లోటు రాదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారికి, కాపర్-టి ఉన్నవారికి ఈ వ్యాసంలో చెప్పిన ఏ మందువల్లనూ రక్షణ తగ్గదు. తమిళనాడులో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలే అధికం కనుక చాలా ఇళ్లలో ఈ సమస్య ఉండదు. కొత్తగా పెళ్లయినవారు, ఒక బిడ్డ తరువాత ఎడం పాటిస్తున్నవారు, ఇంకా ఆపరేషన్‌కు సిద్ధపడనివారు, వీరికే ఇది ముఖ్యం.

మాత్రవల్ల ఆపరేషన్‌కు వచ్చే చిక్కు

ఇంతవరకు చెప్పినది ఆపరేషన్ మందులవల్ల మాత్రకు వచ్చే చిక్కు. మాత్రవల్ల ఆపరేషన్‌కు వచ్చే చిక్కు కూడా ఒకటి ఉన్నది. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు కాలి సిరలలో రక్తం గడ్డకట్టే స్వభావాన్ని కొంత పెంచుతాయి. తొడ ఎముక, తుంటి, పెద్ద ఉదర శస్త్రచికిత్సల వంటి వాటి తరువాత రోజుల తరబడి మంచం మీద ఉండవలసి వస్తే ఆ ప్రమాదం హెచ్చుతుంది. ఇటువంటి ఆపరేషన్‌కు ముందుగా తేదీ నిర్ణయమైతే, 4 వారాల ముందు మాత్ర ఆపి మరొక పద్ధతికి మారమని వైద్యులు సలహా ఇస్తారు. చిన్న ఆపరేషన్లకు మాత్ర ఆపనవసరం లేదు.

సొంత నిర్ణయంతో మాత్ర మానివేయడం రెండు విధాల నష్టం. అవసరం లేనిచోట రక్షణ పోతుంది. మానిన తరువాత మరొక పద్ధతి పాటించకపోతే గర్భంతోనే ఆపరేషన్ బల్ల ఎక్కవలసి రావచ్చు.

రెండు రాష్ట్రాలు, మూడు భాషలు

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి అప్పటి మద్రాసు రాష్ట్రానికి మారింది. గీత మారినా బంధుత్వాలు మారలేదు. పుట్టినిల్లు నగరిలో, మెట్టినిల్లు పళ్లిపట్టులో ఉన్న ఆడపడుచులు ఎందరో. మాత్రల అట్ట ఊరి ఆరోగ్య నర్సు ఇస్తుంది. ఆపరేషన్ తిరువళ్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో, చెన్నైలోనో, వేలూరులోనో, తిరుపతిలోనో జరుగుతుంది. కుట్లు తీయించుకొనేది తిరుత్తణిలో. ఒక చోటి వారు ఇచ్చిన మందు మరొక చోటి వారికి తెలియదు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. మాటలన్నీ తమిళంలో సాగుతాయి. రోగికి చదవను వచ్చినది తెలుగు కావచ్చు, ఏదీ కాకపోవచ్చు.

అందుచేత ఈ ప్రాంతపు స్త్రీ తన వెంట రెండు వస్తువులు తీసుకొని వెళ్లడం మంచిది: తాను వాడుతున్న మాత్రల అట్ట, పాత ఆసుపత్రి కాగితాలు. మాట తోచకపోయినా అట్టను చూపితే చాలు. తమిళంలో చెప్పవలసివస్తే “నాన్ కరుత్తడై మాత్తిరై సాప్పిడుగిరేన్” అంటే గర్భనిరోధక మాత్ర వేసుకుంటున్నానని అర్థం. క్షయను కాసనోయ్ అని, ఫిట్స్‌ను వలిప్పు అని, మత్తుమందును మయక్క మరుందు అని తమిళంలో అంటారు.

ఇంటివారి ఎదుట చెప్పడం ఇష్టం లేని స్త్రీ నర్సుతో ఒంటరిగా మాట్లాడాలని కోరవచ్చు. ఆమె చెప్పినది ఇతరులకు చెప్పకుండా ఉంచడం ఆసుపత్రివారి ధర్మం. వెంట వచ్చిన భర్త, అత్తగారు కూడా ఆ కొద్ది నిమిషాలు పక్కకు తప్పుకొంటే ఆమెకు మేలు చేసినవారవుతారు.

తెలుసుకొనే హక్కు

2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఒక స్త్రీ మత్తులో ఉండగా ఆమె తల్లి అనుమతితో గర్భాశయం, అండాశయాలు తొలగించిన వివాదం అది. మేజరైన రోగికి బదులుగా తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు నిర్ణయించింది. చికిత్స స్వభావం, ఉద్దేశం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు రోగికి తగినంతగా తెలపాలని చెప్పింది. అయితే అరుదైన ప్రతి అవకాశాన్నీ వైద్యుడు వివరించనవసరం లేదని కూడా అదే తీర్పు పేర్కొన్నది. మాత్ర బలం తగ్గే సంగతి అటువంటి జాబితాలో జారిపోయే ప్రమాదం ఉన్నది. అందుకే రోగి తానుగా అడగడం అవసరమవుతున్నది.

2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం, రోగి కోరిన 72 గంటలలోపు తన వైద్య రికార్డులను ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. అందులో మొదట పేర్కొన్నదే సమాచారం పొందే హక్కు.

అడగవలసిన ప్రశ్నలు

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుతో:
1. గర్భం రాకుండా ఈ మాత్ర వేసుకుంటున్నాను. ఆపాలా, కొనసాగించాలా?
2. ఆపవలసివస్తే ఎన్నాళ్లు? అంతవరకు ఏ పద్ధతి పాటించాలి?

ఇంటికి వెళ్లే ముందు డాక్టరుతో లేదా నర్సుతో:
3. మత్తు నుండి తేర్చడానికి సుగమ్మాడెక్స్ ఇచ్చారా?
4. వాంతులకు అప్రెపిటాంట్ గాని, ఫోసప్రెపిటాంట్ గాని ఇచ్చారా?
5. ఇంటికి రాసిన మందులలో మాత్ర బలాన్ని తగ్గించేది ఉన్నదా?
6. ఎన్ని రోజులు అదనపు జాగ్రత్త పాటించాలి? ఆ రోజుల సంఖ్యను కాగితం మీద రాసి ఇస్తారా?

ఆరవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యం. మత్తు పూర్తిగా వదలని స్థితిలో విన్న మాట జ్ఞాపకం ఉండదు. కాగితం మీద “7 రోజులు” అని రాసి ఉంటే ఊరిలోని నర్సు కూడా చదివి చెప్పగలదు.

ఆసుపత్రిలో ఉండి మాత్రలు తప్పిపోతే

ఒక హార్మోన్ మాత్ర తప్పితే గుర్తుకు వచ్చిన వెంటనే వేసుకొని, తరువాతిది మామూలు వేళకు వేసుకోవాలి. రెండు లేదా అంతకు మించి వరుసగా తప్పితే, ఒక మాత్ర వెంటనే వేసుకొని, మిగిలినవి రోజువారీగా కొనసాగిస్తూ, 7 రోజులు నిరోధ్ వాడాలి. ఆ 7 రోజులు పూర్తికాకముందే హార్మోన్ మాత్రలు అయిపోతే, ఇనుము మాత్రలను వదలి వెంటనే కొత్త అట్ట మొదలుపెట్టాలి.

నెలసరి తప్పితే

వారాల తరబడి వేచి చూడకూడదు. సందేహం కలిగిన కలయిక జరిగి 3 వారాలు దాటితే మూత్ర పరీక్ష నమ్మదగిన ఫలితం ఇస్తుంది. క్షయ మందులు, మూర్ఛ మందులు వాడుతున్నవారు గర్భం అని తేలిన వెంటనే వైద్యునికి చెప్పాలి. మందులను తాముగా మానరాదు.

గర్భనిరోధక పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని తొలగించుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. దాని ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. వివాహిత, అవివాహిత అన్న భేదం లేదు. మేజరైన స్త్రీ అనుమతి తప్ప భర్త అనుమతి అవసరం లేదు. అనుమతి పొందిన ఆసుపత్రికే వెళ్లాలి. మందుల దుకాణంలో సొంతంగా మాత్రలు కొని మింగడం, ముఖ్యంగా ఆపరేషన్ అయిన కొత్తలో, ప్రమాదకరం.

ఆపరేషన్‌కు వెళ్లే ఇంట్లో అన్ని సంచులు సర్దుకున్న తరువాత, మాత్రల అట్టను కూడా ఆ కాగితాల మధ్య పెట్టుకోవడం మరువరాదు. అది మందే. మందుల లెక్కలో దానిని చెప్పడం సిగ్గుపడవలసిన విషయం కాదు.